వగైరా

అదాలత్ ముందర సదానందం టైపు డబ్బా.
టైపు మిషను పోయి కంప్యూటరొచ్చినా
పేరు మాత్రం అదే.
వంద రూపాయల స్టాంపు కాగితం
ఫ్యాను గాలికి లేస్తుంటే
నా తాళాల గుత్తి దాని మీద పెట్టిన.
పద్నాలుగు పోర్షన్లు, పద్నాలుగు తాళాలు,
ఒక్కోదానికి ఒక్కో తీరు దారం ముడి.
కరెంటు పోయినా
ఏ తలుపుదో నా వేళ్లు చెప్తయి.

పదకొండు నెలలు నిండినయి.
"మ్యాటర్ పాతదేనా వనజక్కా,
తారీఖు మార్చి కొట్టాల్నా?"
పక్క ప్లాస్టిక్ కుర్చీల మొదటి పార్టీ,
రాత్రి షిఫ్టు దిగి
గోదావరిఖనిల పొద్దుగాల బస్సెక్కిన
చింతకింది ఓదెలు.
ఎంత కడిగినా పోక, రెప్పల అంచులకు
కాటుక లెక్క బొగ్గు.
రెండవ పార్టీ నేను.
ఎనిమిది శాతం.

"ఒక్కటి మార్చాలె" అన్నడు,
ఆరో షరతు మీద వేలు పెట్టి.
'మోటారు, ట్యాంకు, గేటు, మీటర్లు,
కిరాయిదార్లు వగైరా
రెండవ పార్టీ చూసుకొనవలెను.'
"ఈ వగైరా తీసెయ్.
పోయినేడు దాంట్లకెల్లే నాకు
నాలుగు వేల రెండొందలు పోయినయి."

పోయినయి, నిజమే.
నయీంనగర్ నాలా పొంగిన రాత్రి
కింది పోర్షన్లల్ల మోకాలి మంటి నీళ్లు.
ఐదువందలు దాటితే అడిగి పెట్టాలె, తొమ్మిదో షరతు.
అడుగుదామంటే మొదటి పార్టీ భూమి కింద,
ఆయన ఫోను భూమి మీద.
ఏడో నెల కడుపుతోని మల్లీశ్వరి
గ్యాస్ బండ మీద కూసున్నది.
ట్రాక్టర్ పిలిచిన.
బిల్లు రాసియ్యమంటే డ్రైవరు నవ్విండు.
ఇది ఏ లైన్ల ఉన్నదని తర్వాత ఓదెలు అడిగితే
వగైరాల, అన్న.

సరే, తీసేద్దాం.
"నువ్వు కొట్టు సదానందం, నేను చెప్త."

కానిస్టేబుల్ పరీక్షకు ఉరికే పిల్లలకు
నాలుగు గొట్టంగ గేటు తీయుట.
కిరాయి ఆలస్యమైన గుమ్మం ముందర నడిచేటప్పుడు
తాళాలు చప్పుడు కాకుండ పిడికిట్ల పట్టుకొనుట.
"చప్పుడు కాకుండనా?" ఆగిండు సదానందం.
"అట్లనే కొట్టు."
మూడో నెంబరాయన తాగొచ్చి తలుపు గుద్దితే
మోటారు చూస్తున్నట్టు
ఆడనే నిలబడుట.
ఖాళీ చేసి పోయినోళ్ల గోడ మీద
పిల్ల ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలకు సున్నం వేయించుట.
వేయించే ముందు ఫోటో తీసి వాళ్లకు పంపుట.

రెండో పేజీ దాటింది.
ఇంకో స్టాంపు తేవాలె అంటడు సదానందం.
ఇంకొకటున్నది.
చెప్పాల్నా వద్దా అని
గుత్తిని ఇటు తిప్పిన, అటు తిప్పిన.

గనిల కప్పు కూలిందని టీవీల చూపిన రోజు
మొదటి పార్టీ ఉన్నడా అని
వాళ్లింటికి మూడు సార్లు ఫోను చేసి
మూడు సార్లూ కిరాయి సంగతే మాట్లాడుట.

కీబోర్డు ఆగింది.
ఓదెలు వంగి
చెప్పు పట్టీ ఊడదీసిండు, పెట్టిండు, మళ్ల ఊడదీసిండు.
"పాతదే కొట్టు" అన్నడు,
"తారీఖు మార్చు."

"వగైరా?"

"ఉండనీ."

ఉంటే ఎనిమిదికి ఉండదు, పది, అన్న నేను.
మొగులు దిక్కు చూసి తొమ్మిదన్నడు.
ఇంటి పన్ను, బస్సు చార్జీలు,
గోడలకు పట్టిన చెమ్మ, అన్నీ చెప్పిండు.
నేను వినుకుంట తాళాలు లెక్కపెట్టుకున్న.
తొమ్మిదిన్నర కాడ ఆగినం.

సాక్షి కావాలె.
జిరాక్సుకు నిలబడ్డ పిల్లగాన్ని పిలిస్తే
ఏందని చదవకుండనే సంతకం పెట్టిపోయిండు.
ఆ పిల్లగాని పేరున్నది కాగితంల.
పద్నాలుగిండ్లల్ల ఉన్నోళ్లది
ఒక్క పేరు లేదు.

ఫోను మోగింది.
ఐదో నెంబరు.
అక్కా, ట్యాంకు పొర్లుతున్నది.